తెలియదని రాసివ్వండి

ఉప్పలగుప్తం మండలంలో సముద్రం దగ్గరి ఊళ్ళలో రొయ్యల చెరువు పట్టుబడి ఉందంటే ముందుగా కబురు వెళ్ళేది లోవమ్మ ఇంటికి. వల లాగేది మగవాళ్ళు. గట్టు మీద గుట్టపోసిన రొయ్యని సైజుల వారీగా ఏరి, కడిగి, ఐసు వేసి ట్రేలకెత్తేది ఆడవాళ్ళ జట్టు. ఆ జట్టుకి లోవమ్మ పెద్ద. చెంగు బొడ్లో దోపుకుని ఆవిడ గట్టెక్కిందంటే చెరువు ఆసామికి సగం బెంగ తీరేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఐసునీళ్ళలో చేతులు పెట్టి నిలబడి, ఇంటికొచ్చి వంట చేసి, ఇంకా ఓపిక మిగిలితే పక్కింటి పెళ్ళికి పిండివంటలు వండటానికి వెళ్ళే మనిషి. నోరు కూడా చేతులకి తీసిపోయేది కాదు. తూకంలో ఏదో తేడా ఉందని తోచినప్పుడు రొయ్య కొనడానికి వచ్చిన బయ్యరునే కాటా ఎక్కించి, "ముందు మీ బరువు సరిగ్గా చూపిత్తదేమో చూద్దాం ఉండండి" అందని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

భర్త సూర్యారావు చెరువుల దగ్గర కాపలా ఉండేవాడు. మాటలు తక్కువ. కూతురు సత్యదుర్గ అమలాపురంలో డిగ్రీ చదువుతోంది.

మూడేళ్ళ కిందట వానలు వెనకబట్టాక ఊరంతా జ్వరాలు వచ్చాయి. ఇంటికొకరు మంచం పట్టారు. కీళ్ళు పట్టేసి, కళ్ళు ఎర్రబడి, వారం పది రోజులు మూలిగి, ఒక్కొక్కరే లేచి పనుల్లోకి వెళ్ళిపోయారు. లోవమ్మకీ జ్వరం తగ్గింది. తగ్గీ తగ్గగానే సాయిబాబు గారి చెరువు పట్టుబడికి వెళ్ళింది. రోజంతా బాగానే చేసింది. మర్నాడు పొద్దున్న లేవబోతే కాళ్ళు తనవి కానట్టున్నాయి.

"జొరం తిరగబెట్టిందేమో" అంటూ సూర్యారావు నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగానే ఉంది.

రెండు రోజులు పడుకుంటే కాస్త తేరుకుంది. మళ్ళీ పనికి వెళ్ళింది. ఈసారి వారం పట్టింది లేవడానికి. తర్వాత పని అక్కర్లేకపోయింది. నాలుగు బట్టలు ఉతికినా చాలు, వాకిలి ఊడ్చినా చాలు. లేచి నిలబడితే గుండె దడదడలాడి కళ్ళ ముందు చీకట్లు కమ్మేవి, పడుకుంటే సర్దుకునేది. పక్కింట్లో మిక్సీ తిప్పితే ఆ చప్పుడు తలలో తిరిగేది. పేర్లు మర్చిపోయేది, పొయ్యి మీద ఏం పెట్టిందో మర్చిపోయేది. అన్నిటికన్నా ఆవిడకి అంతుపట్టనిది ఒకటే. దెబ్బ పని చేసిన రోజున తగలదు. మర్నాడు తగులుతుంది.

ఊళ్ళు తిరిగి వైద్యం చేసే ఆర్.ఎం.పి. నతానియేలు గారు వచ్చి సెలైను కట్టారు. అమలాపురంలో రక్తం పరీక్షలు చేయించారు. ఏటి అవతల ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో గుండెకీ తలకీ స్కానింగులు తీయించారు. ఎక్కడికెళ్ళినా ఒకటే మాట వినబడింది.

"అంతా నార్మలమ్మా. సంతోషించాలి నువ్వు" అన్నాడు ఆ పెద్దాసుపత్రి డాక్టరు.

"సంతోషవేనండి. మరి నేనెందుకు నించోలేకపోతన్నానండి?"

"ఆలోచనలు ఎక్కువైతే అలాగే ఉంటుంది. రోజూ పొద్దున్నే గంట నడువు. పనిలో పడితే అదే పోతుంది."

డాక్టరు మాట కాబట్టి విన్నది. కాలవగట్టు మీద నడిచింది. మొదటి రోజు సూర్యారావు వెంట వెళ్ళాడు. రెండో రోజు ఒక్కతే వెళ్ళింది. నాలుగైదు రోజులకి లాకుల దగ్గర కూలబడిపోతే కొబ్బరికాయల బండి మీద వేసుకుని ఇంటికి తెచ్చారు. ఆ నడకకి ముందు మెల్లగానైనా అన్నం వండుకోగలిగేది. ఆ తర్వాత కూర్చుని తినడం కూడా కష్టమైపోయింది.

వంట సూర్యారావు మీద పడింది. మొదట్లో చింతపండు పులుపూ ఉప్పూ కుదిరేవి కావు. చేపల పులుసు నోట పెట్టుకుని లోవమ్మ ఏమీ అనేది కాదు, ఆయనా ఏమీ అడిగేవాడు కాదు. ఎవరో చెప్పారని తాయెత్తు కట్టించాడు. అప్పనపల్లి వెళ్ళి మొక్కుకుని వచ్చాడు.

జట్టులో ఆడవాళ్ళు చూడటానికి వచ్చేవారు. వచ్చినవాళ్ళందరూ ఒక మాట అనేసి వెళ్ళేవారు. మొహం కళగానే ఉందనేవారు కొందరు. "మాకూ వచ్చేయి జొరాలు, మేం లేవలేదేంటి?" అనేవారు కొందరు. జట్టులో తన తర్వాత తనంతటి మనిషి ఒకరోజు గుమ్మంలో నిలబడే, "ఎంతైనా మంచం మీదకి కంచం వస్తంటే లేవాలనిపించదు లేవే" అంది.

లోవమ్మ కళ్ళు తెరవలేదు. మెల్లగా మాత్రం అంది. "అయితే ఈ మంచం నువ్వు తీసుకో, నీ కాళ్ళు నాకియ్యి. రేపు పట్టుబడికి నేనెళ్తాను. ఆయ్, ఇప్పుడే మార్చేసుకుందాం."

ఆవిడ మళ్ళీ రాలేదు.

అలా ఏడాది దాటింది. ఒకరోజు పొద్దున్నే సాయిబాబు గారి చెరువు వైపు జీపొకటి వెళ్ళింది. దాని వెనకాలే ఐసుపెట్టెలున్న వ్యాను. వరండాలో నవారు మంచం మీద పడుకుని ఉన్న లోవమ్మకి ఆ చప్పుడు వినబడింది.

"ఎవరే ఆ జీపులో?" అని కూతుర్ని అడిగింది.

"శాస్త్రవేత్తలంటమ్మా. సాయిబాబు మావయ్యగారి చెరువులో రొయ్య చచ్చి తేలిపోతందంట. నీళ్ళూ రొయ్యా లేబుకి పట్టుకెళ్తారంట."

"ఎప్పుడు తేలింది?"

"నిన్న సాయంత్రం."

"నిన్న తేలితే ఇయ్యాల వచ్చేసేరా?" లోవమ్మ జీపు వెళ్ళిన వైపు తల తిప్పింది. "మరి కొబ్బరికి తెల్లదోమ పడ్డప్పుడూ వచ్చేరు కదా?"

"ఆ. అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రం నించి వచ్చేరు. ఆకులు కోసి పట్టుకెళ్ళేరు."

"రొయ్యకొస్తే వచ్చేరు, కొబ్బరాకుకొస్తే వచ్చేరు. మంచిదే, రావాలి మరి. మనిషికొస్తే ఎవరొస్తారే?"

సత్యదుర్గ పుస్తకం మూసింది. "మనుషుల జబ్బుల మీద కూడా గవర్నమెంటు పరిశోధన చేయిస్తదమ్మా. ఎవరో ఒకరు అడగాలి."

"పరిశోధన" అని లోవమ్మ ఒకసారి అనుకుని చూసింది. "ఎవరడగాలి?"

"ఏమో. జబ్బున్నవాళ్ళే అడగాలేమో."

"అయితే ఉన్నాను కదా" అంది లోవమ్మ.

ఆ వారం నతానియేలు గారు బీపీ చూడటానికి వచ్చినప్పుడు అదే మాట ఆయనతో చెప్పింది. ఆయన బీపీ మిషను పెట్టెలో సర్దుతూ కాసేపు తటపటాయించారు.

"నీ ఒక్కదానికే కాదమ్మా ఇది. ఎవరితోనూ అనలేదు నేను, బెదిరిపోతారని. మా బావమరిది మలికిపురంలో నాలాగే వైద్యం చేస్తాడు. అక్కడ సుభాషని ఒక కుర్రాడున్నాడంట, లారీ తోలేవోడు. అదే జొరం తర్వాత చీకటి గదిలోంచి బయటికి రావట్లేదు. వాళ్ళమ్మ అన్నం కలిపి నోట్లో పెడతంది. అప్పనపల్లిలో లక్ష్మీతులసి గారని టీచరమ్మ ఉన్నారు. బోర్డు ముందు నించోలేక ఉద్యోగం మానేసేరు. ఇంకా ఉన్నారమ్మా."

"వాళ్ళ ఫోను నెంబర్లు ఇప్పించండి" అంది లోవమ్మ.

సుభాష్ ఫోన్లో మాట్లాడలేడు. చప్పుడు పడదు. వాళ్ళ అమ్మ గంగాదేవి తలుపు వారగా నిలబడి లోవమ్మ ప్రశ్నని కొడుక్కి గుసగుసగా చెప్పేది, వాడి జవాబు బయటికొచ్చి ఫోన్లో చెప్పేది. లోవమ్మ అన్నీ అడగలేదు. ఒక్కటే అడిగింది.

"అమ్మా, బాబు లేచి ఏదన్నా చేశాడనుకోండి. దెబ్బ ఎప్పుడు తగులుద్దో అడగండి."

కాసేపటికి గంగాదేవి గొంతు వినబడింది. "మర్నాడంటన్నాడమ్మా. చేసిన రోజు బాగానే ఉంటదంట, మర్నాడు చంపేస్తదంట."

జబ్బు మొదలైన దగ్గర్నుంచి లోవమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆ రోజు ఫోను గుండెల మీద పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకి కూడా మర్నాడు మంచం మీంచి లేవలేకపోయింది.

జిల్లా కేంద్రంలో సోమవారాలు అర్జీలు తీసుకుంటారు. సత్యదుర్గ అర్జీ రాసింది. ఈ ఊళ్ళలో జ్వరం తర్వాత కొంతమంది కోలుకోలేదు, ఏ పరీక్షలోనూ ఏమీ దొరకడం లేదు, ఇది ఏం జబ్బో ప్రభుత్వం పరిశోధన చేయించాలి అని. సాయిబాబు గారు వ్యాను పంపారు. అందులో పరుపు వేసుకుని పడుకుని వెళ్ళింది లోవమ్మ.

హాల్లో వరసలో కూర్చుని పేరు పిలిచేదాకా ఉండాలి. కొద్దిసేపు కూర్చుంది. చెమటలు పట్టి, హాలంతా పక్కకి ఒరిగిపోతున్నట్టు అనిపించింది. సూర్యారావు చంకలో ఉన్న చాప అడిగి తీసుకుని, కుర్చీల మధ్య పరుచుకుని పడుకుంది.

అటెండరు పరుగున వచ్చాడు. "ఏమ్మా, ఇదేమన్నా సత్రమా? లే, లే. అయ్యగారు చూస్తే ఊరుకోరు."

"అయ్యగారు చూడాలనే వచ్చేనండి."

"ఒంట్లో బాగోపోతే ఆసుపత్రికెళ్ళాలి గాని ఇక్కడికొచ్చి పడుకుంటారా?"

"ఆసుపత్రిలో బాగానే ఉందన్నారండి. అందుకే ఇక్కడికొచ్చేను."

నలుగురూ మూగారు. బల్ల దగ్గర అర్జీలు తీసుకుంటున్న అధికారి తలెత్తి చూసి, ఏమిటా గొడవని లేచి వచ్చాడు. మంచివాడే. ఒంగి కాగితం తీసుకున్నాడు, చదివాడు.

"వికలాంగుల పింఛనుకి పెట్టుకోవాలమ్మా మీరు. దానికి వేరే సర్టిఫికెట్ కావాలి."

"పింఛను ఇస్తే వద్దననండి. కాని ఇప్పుడు దాని కోసం రాలేదండి. నాకొచ్చిందేంటో కనిపెట్టమని వచ్చేను. రొయ్య చచ్చిపోతే మర్నాటికల్లా జీపేసుకుని వచ్చేరండి మా ఊరు. వాళ్ళని తప్పు పట్టట్లేదు. నేను రొయ్య పని చేసేదాన్నే, ఆ రొయ్య బతికితేనే మాకు కూడు. మనిషి కోసం ఏ జీపు వస్తదో ఆ జీపుని పంపించండి, అంతేనండి."

అధికారి సూర్యారావు వైపు చూశాడు. సూర్యారావు నేల వైపు చూశాడు. "వైద్యశాఖకి పంపిస్తానమ్మా" అన్నాడు అధికారి.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో సూర్యారావు చాప చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. "అందరి ముందూ అలా నేల మీద... ఊళ్ళో మన పరువేం కాను లోవా?" అన్నాడు.

"పరువు పోయేటట్టయితే నేను దొంగ నాటకం ఆడుతున్నానని జనం అన్న రోజునే పోయింది కదయ్యా. ఆ రోజు నువ్వేమీ అనలేదు."

ఆ ప్రయాణానికి ఆవిడ శనివారం దాకా లేవలేదు. ఆ శనివారమే సత్యదుర్గ ఫోనుకి సందేశం వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడినది.

"ఏం పరిష్కరించేరంట?" అంది లోవమ్మ.

"దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో చూపించుకోవాలని సలహా ఇచ్చేరంట. అంతటితో అర్జీ మూసేసేరు."

"ఆళ్ళు మూస్తే మనం తెరుద్దాం. సోమవారం ఎళ్దాం."

"అమ్మా, మళ్ళీ వెళ్తే మళ్ళీ వారం పడిపోతావు."

"ఎళ్ళకపోయినా పడుకునే ఉంటాను కదే. పడుకునేదేదో అక్కడే పడుకుంటాను."

రెండో సోమవారం చాప సూర్యారావే పరిచాడు. ఎవరూ చెప్పకుండా పరిచి, పక్కన గొంతుక్కూర్చుని, విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. అటెండరు వస్తే, "ఉండనివ్వండి బాబూ. కూర్చోలేదు కాబట్టి పడుకుంది" అన్నాడు. ఆయన నాలుగు ముక్కలు బయట ఎవరితోనైనా మాట్లాడటం లోవమ్మకే కొత్త.

తర్వాతి సోమవారం అప్పనపల్లి నుంచి లక్ష్మీతులసి గారు తన చాప తను తెచ్చుకున్నారు. తర్వాత మరికొందరు. కొన్నివారాలు లోవమ్మ వెళ్ళలేకపోయేది. అప్పుడు ఇంకొకరు వెళ్ళేవారు. సుభాష్ రాలేడు కాబట్టి వాడి బదులు గంగాదేవి వచ్చి ఖాళీ చాప ఒకటి పరిచి దాని పక్కన కూర్చునేది. ఎవరైనా అడిగితే, "మా అబ్బాయి చోటండి ఇది" అనేది.

ఒకరోజు పేపరతను ఫోటో తీశాడు. మర్నాడు జిల్లా పేజీలో వేశారు, అర్జీదారుల వినూత్న నిరసన అని. లోవమ్మకి కోపం వచ్చింది. సత్యదుర్గ చేత ఆ విలేకరికి ఫోను చేయించింది.

"నిరసనని ఎవరు చెప్పేరండి మీకు? మేం చేసేది నిరసన కాదు, జబ్బు. కూర్చోగలిగితే కూర్చునే అడుగుదుం. ఆ ముక్క సరిచేసి వెయ్యండి."

అతను సరిచేసి వేయలేదు గాని, రెండోసారి ఊరికొచ్చి కూర్చుని అంతా విని రాశాడు. ఆ రాసింది ఎక్కడెక్కడికి వెళ్ళిందో తెలియదు. వానాకాలం మొదట్లో ఒక వైద్యకళాశాల నుంచి నలుగురు వచ్చారు. వాళ్ళకి పెద్ద యామిని అని చిన్నవయసు డాక్టరు. వరండాలో మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"చెప్పండమ్మా" అంది.

"ముందు మీరు చెప్పండి డాక్టరుగారూ. మీక్కూడా నార్మలే అయితే రిపోర్టులు చూపించనండి. అలిసిపోతాను."

యామిని నవ్వలేదు. "రిపోర్టులు తర్వాత చూస్తాను. ముందు మిమ్మల్ని చూడనివ్వండి."

కాసేపు పడుకోబెట్టి నాడి చూసింది. తర్వాత గోడకి చేరబడి నిలబడమంది. సూర్యారావు ఒక పక్క, సత్యదుర్గ ఒక పక్క పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డారు. వేలికి తగిలించిన చిన్న మిషనులో అంకె పెరుగుతూ పోయింది. పడుకున్నప్పుడు మామూలుగా ఉన్న నాడి, ఊరికే నిలబడినందుకు, పరుగెత్తుతున్న మనిషి నాడిలా కొట్టుకుంది. లోవమ్మ పెదాలు తెల్లబడ్డాయి. "చాలు, పడుకోబెట్టండి" అంది యామిని గబగబా.

పడుకున్నాక లోవమ్మకి ఊపిరి కుదురుకోవడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు మూసుకునే అడిగింది. "నార్మలేనాండి?"

"కాదమ్మా."

సూర్యారావు స్తంభాన్ని పట్టుకుని ఒక్కసారిగా కూర్చుండిపోయాడు. ఆ మాట వినడానికి ఆయన ఎంత ఎదురుచూశాడో అప్పటిదాకా ఆయనకే తెలియదు.

"మరి ఏంటండీ ఇది?"

యామిని కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "కొన్ని జ్వరాల తర్వాత కొంతమందికి ఇలా అవుతుందని వేరే దేశాల్లో రాశారమ్మా. పేర్లు కూడా పెట్టారు. కాని ఎందుకవుతుందో, ఎవరికవుతుందో, ఏ మందు పనిచేస్తుందో సరిగ్గా ఎవరికీ తెలీదు. మన దగ్గరైతే ఎంతమందికుందో కూడా లెక్క లేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు."

లోవమ్మ కళ్ళు తెరిచింది. "అదే రాసివ్వండి."

"ఏది?"

"తెలీదని. ఇన్నాళ్ళూ ఎవరూ తెలీదనలేదండి. నార్మల్ అన్నారు, ఆలోచనలన్నారు, బద్ధకవన్నారు. తెలిసినట్టే మాట్లాడేరు అందరూ. మీరొక్కరే తెలీదన్నారు. ఆ ముక్క కాగితం మీద పెట్టి సంతకం చెయ్యండి. తెలీదని రాస్తే, తెలుసుకోవాలని అడగడానికి నాకు దారుంటది."

వెంట వచ్చిన ఒకతను, "మేడమ్, అలా ఇవ్వడం మరి..." అని నసిగాడు. యామిని ఒక నిమిషం ఆలోచించింది. తర్వాత కళాశాల పేరున్న కాగితం తీసి రాసింది. రోగికి నిలబడినప్పుడు తీవ్రమైన మార్పులు కనబడుతున్నాయి, కారణం ప్రస్తుతం తెలియదు, అధ్యయనం అవసరం అని. సంతకం చేసి, చదివి వినిపించింది.

"బాగుందండి" అంది లోవమ్మ.

ఆ తర్వాత యామిని ఊరుకోలేదు. పరిశోధనకి ప్రతిపాదన తయారుచేసి పైకి పంపింది. అది అక్కడా ఇక్కడా ఆగి, చివరికి విజయవాడలో ఒక నిపుణుల సంఘం ముందుకి వెళ్ళింది. రోగుల తరఫున ఒకరు వీడియోలో మాట్లాడొచ్చన్నారు. దగ్గర్లోని ఆరోగ్యకేంద్రంలో ఏర్పాటు చేశారు. లోవమ్మని మంచంతో సహా దింపారు.

"కెమెరా ముందు కూర్చోవాలమ్మా" అన్నాడు కంప్యూటరు దగ్గరున్న కుర్రాడు.

"కూర్చోలేను బాబూ. కెమెరానే వంచు."

వంచాడు. అవతల తెరలో నలుగురైదుగురు పెద్దలు కనబడ్డారు. ముందు యామిని మాట్లాడింది. తర్వాత ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "ఇది మానసికమైనది కాదని గ్యారంటీ ఏమిటి?" అన్నాడు. ఆయన అడిగింది యామినిని. జవాబు చెప్పింది లోవమ్మ.

"గ్యారంటీ నా దగ్గర లేదండి. ఉంటే మీ దాకా ఎందుకొస్తానండి? అదేంటో తేల్చమనే అడుగుతున్నాను. మనసు జబ్బని తేలిందనుకోండి, దాని మందే వేసుకుంటాను, నాకేం సిగ్గు లేదు. మనసు మాత్రం నాది కాదాండీ? కాని తేల్చకుండా అనకండి. చూడకుండా అనకండి. నన్ను నడవమన్నారు ఒకాయన, చూడకుండానే. ఆ నడకతో కూర్చోవడం కూడా పోయింది నాకు. ఇంకొకళ్ళని నడవమనేముందు పరిశోధన చెయ్యండి."

ఆ పెద్దాయన ఏదో రాసుకున్నాడు. ఒప్పుకున్నాడో లేదో మొహం చూస్తే తెలియలేదు.

ఆ మాటలకి లోవమ్మ చాలా పెద్ద మూల్యమే చెల్లించింది. ఆ వానాకాలం చివరి దాకా మంచం మీద పక్కకి తిరగడానికి కూడా ఒకరి సాయం కావలసివచ్చింది. నీళ్ళు సూర్యారావు చెంచాతో పట్టేవాడు. ఒక సాయంత్రం ఆయన, "ఆ రోజు అంత మాట్లాడకుండా ఉండాల్సింది లోవా" అన్నాడు. ఆవిడకి జవాబు చెప్పే ఓపిక లేదు. తల మాత్రం అడ్డంగా ఊపింది.

చలి మొదలయ్యాక ప్రతిపాదన మంజూరైందని యామిని స్వయంగా వచ్చి చెప్పింది. చిన్నదే. ఒక ఏడాది అధ్యయనం. జిల్లాలో ఇలాంటివాళ్ళని గుర్తించి, పరీక్షలు చేసి, రక్తం తీసి భద్రపరుస్తారు. తలుపు దగ్గర వింటున్న సత్యదుర్గ చప్పట్లు కొట్టబోయి, తల్లికి చప్పుడు పడదని గుర్తొచ్చి చేతులు దించేసింది.

"మొదటి పేరు మీదేనమ్మా" అంటూ యామిని అంగీకారపత్రం తీసి చేతికిచ్చింది. "సంతకం చేస్తే, వచ్చే బుధవారం నుంచి ఆసుపత్రికి రావచ్చు."

"రావచ్చంటే? ఎవరెవరు రావాలండి?"

"పేర్లు రాయించుకున్నవాళ్ళంతా. అక్కడైతే మిషన్లన్నీ ఉంటాయి."

"మరి సుభాషు?"

యామిని పేర్ల జాబితా వైపు చూసింది.

"వాడు చీకటి గదిలోంచి బయటికి రాక రెండేళ్ళయింది డాక్టరుగారూ. వాడెలా వస్తాడు?"

"రాగలిగినవాళ్ళతో మొదలుపెడదామమ్మా. కాగితాల్లో అలాగే మంజూరైంది. తర్వాత..."

"రాగలిగినవాళ్ళని చూస్తే జబ్బులో సగమే కనబడుద్దండి. అసలు జబ్బు రాలేనివాళ్ళ దగ్గరుంది. వాళ్ళని ఒదిలేసి లెక్క రాస్తే, పెద్దగా ఏమీ లేదు, అందరూ నడిచొచ్చేరు అని రాసుకుంటారు రేపు." లోవమ్మ కాగితం తిరిగి ఇచ్చేసింది. "నేను చెయ్యనండి సంతకం. టీచరమ్మగారు కూడా చెయ్యరు. కావాలంటే అడగండి."

"అమ్మా!" అంది సత్యదుర్గ. ఇన్నాళ్ళు దేని కోసం చాపలు పరిచారో అది చేతిదాకా వచ్చింది. ఇప్పుడు తల్లే వద్దంటోంది.

"ఇంతా చేసి ఆపేస్తారా?" అంది యామిని. ఆమె గొంతులో కూడా కోపం వినబడింది. "దీని కోసం నేనెంతమంది చుట్టూ తిరిగానో మీకు తెలీదు."

"తెలుసండి. మీరు తిరిగేరు కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాను. ఇంకోళ్ళనైతే అడగను."

యామిని కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాడు సూర్యారావు పులుసు గిన్నె దించుతూ, ఎటో చూస్తూ, "కరెక్టే చేసేవు" అన్నాడు.

నెల దాటింది. ఊళ్ళో కొందరు, అదిగో అంత గోల చేసి చివరికి తనే చెడగొట్టుకుంది అన్నారు. లోవమ్మ వినీ విననట్టు ఊరుకుంది. లోపల భయం లేకపోలేదు. యామిని ఇక రాదేమోనని రెండుసార్లు సత్యదుర్గతో అంది కూడా. కాని ఫోను మాత్రం చేయనివ్వలేదు.

ఒకరోజు మధ్యాహ్నం గంగాదేవి ఫోను చేసింది. ఆవిడ గొంతు ఎప్పటిలా గుసగుసగానే ఉంది గాని ఆగడం లేదు.

"ఇప్పుడే ఎళ్ళేరమ్మా! డాక్టరమ్మగారూ ఇంకొకాయనా. చెప్పులు బయట ఇప్పేసి, సెల్లులు ఆపేసి వచ్చేరు. కిటికీ తెరవలేదు. చిన్న టార్చి మీద గుడ్డ కప్పి ఆ ఎలుతురులోనే రక్తం తీసేరు. పిల్లోడు ఏమీ అనలేదు. ఆళ్ళు ఎళ్ళేక, 'నిజంగానే వచ్చేరా అమ్మా' అన్నాడు."

"మీ ఇంటికే ముందొచ్చేరా?"

"ఆయ్. ఇంటికెళ్ళి చూడొచ్చని కాగితాలు మార్పించేరంటమ్మా. ఇదే మొదటి ఇల్లంట."

రెండు రోజుల తర్వాత యామిని ఉప్పలగుప్తం వైపు వచ్చింది. అలిసిపోయి ఉంది. వచ్చీ రాగానే కాగితం మంచం మీద పెట్టి, "ఇప్పుడు చేస్తారా?" అంది. లోవమ్మ పడుకునే సంతకం చేసింది. రక్తం తీసుకోమని చెయ్యి చాపింది.

అధ్యయనం ఇంకా నడుస్తోంది. రాజోలు వైపూ కొత్తపేట వైపూ కూడా ఇళ్ళు దొరికాయి. ఇంతవరకూ మందు దొరకలేదు, కారణం తేలలేదు. లోవమ్మ చెరువు గట్టెక్కలేదు, బహుశా ఎక్కదు కూడా. జట్టుకి ఇప్పుడు వేరే పెద్ద ఉంది. కాని జ్వరం తర్వాత లేవలేని మనిషి ఎవరైనా కనబడితే నడవమని చెప్పవద్దని నతానియేలు గారు తను తిరిగే ఊళ్ళన్నిటా చెబుతున్నారు. కొత్తవాళ్ళకి లోవమ్మ నెంబరు ఇస్తున్నారు.

మొన్న కొత్తపేట దగ్గరి పల్లె నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. ఇంట్లో వాళ్ళకి వినబడకుండా పెరట్లోకి వచ్చి మాట్లాడుతున్నానంది. నాటకాలాడుతున్నానంటున్నారండీ అంది, ఊపిరందక మధ్యలో ఆగిపోయింది.

"ఎలా ఉన్నావు ఇప్పుడు? నించునున్నావా?" అంది లోవమ్మ.

"ఆయ్, నించునే ఉన్నానండి."

"ముందు పడుకో. అక్కడే, నేల మీదే. ఎవరేమన్నా అననీ. పడుకుని చెప్పమ్మా, నేనూ పడుకునే వింటన్నాను."